ఎదురుగా వచ్చి చెప్పు

మోహన్‌కుమార్ ఇంట్లో పట్టపగలు మగ్గాలు ఆగాయంటే కరెంటైనా పోయి ఉండాలి, ఇంట్లో ఎవరైనా పోయి ఉండాలి. ఆ శనివారం మధ్యాహ్నం ఆ రెండూ జరగలేదు. అతనే విసవిసా వచ్చి మెయిన్ స్విచ్ కిందికి లాగేశాడు! నాలుగు మగ్గాలూ ఒక్కసారిగా ఆగిపోయాయి. తెగిన పోగుకు ముడి వేస్తున్న శశికళ ఉలిక్కిపడి తలెత్తింది. కాళ్ళ కింద నేల అదరడం మానింది కాబట్టి ఆమెకు ఆ సంగతి తెలిసింది. ఎదురుగా మొగుడు, అతని చేతిలో ఆమె ఫోను. గడప దగ్గర అత్త అక్కయమ్మ, కండెలు చుట్టే రాట్నం వదిలేసి వచ్చి నిలబడింది. నాలుగో క్లాసు చదివే కూతురు చిన్ని బడి సంచీ అయినా దించకుండా గోడకి అతుక్కుపోయింది.

"వినే! ఆ యమ్మ ఏం చెప్పిందో, నువ్వేం జవాబిచ్చినావో, నువ్వే విను!" అంటూ ఫోను నొక్కాడు.

ముందు చిన్ని టీచరు ప్రేమకుమారి గొంతు. "శశికళ గారూ, చిన్నిని క్లాసులో పాఠం చదవమంటే పెదాలు కదుపుతోందే గానీ మాట బయటికి రావడం లేదండీ. పిల్లలు నవ్వుతున్నారు. నిన్న ఏడ్చింది కూడా. ఇంట్లో ఏమైనా ఇబ్బంది ఉందా? దయచేసి నాతో మాట్లాడండి."

ఆ వెంటనే శశికళ గొంతు, ఊరంతా వినపడేటట్టు. "చానా బాగా చదువుతా ఉండాది మిస్! దినామూ నేనే దగ్గర కూర్చోబెట్టుకుంటా ఉండాను! చానా సంతోషం మిస్!"

మోహన్‌కుమార్ ఇంకోటి నొక్కాడు, మరోటి నొక్కాడు. అన్నీ అదే తంతు! టీచరు బిడ్డ గురించి బెంగపడుతూ ఏదో అడగడం, తల్లి సంబరంగా ఇంకేదో చెప్పడం. "బిడ్డ ఏడుస్తా ఉండాదని చెప్తే సంతోషమంటావా? నిమిషం సేపు మెసేజీ వినేదానికి తీరిక లేదా నీకు? ఈ పొద్దు నన్ను బడికి పిలిపించి అడిగినారు. అందరి ముందర నా తల తీసేసినట్టయింది! నీకు చెప్పేది చెవిటోని ముందర శంఖం ఊదినట్టు ఉండాది!"

శశికళ ఫోను మాటలు వినలేదు. మొగుడి నోరు మాత్రం చూసింది. చివరి మాట చూడగానే ఆమె ముఖం పాలిపోయింది... తల దించుకుంది. తప్పు చేసి దొరికిపోయిన మనిషి అలాగే తల దించుకుంటుంది కదా! అందుకే మొగుడికి ఏ అనుమానమూ రాలేదు.

అసలు సంగతి ఏమిటంటే, శశికళకు చెవులు వినపడవు. పూర్తిగా కాదు. దగ్గరికి వచ్చి మగవాళ్ళు గట్టిగా మాట్లాడితే ఏదో మోత చెవిన పడుతుంది. ఆడవాళ్ళ గొంతులు, పసిపిల్లల గొంతులు మాత్రం ఎప్పుడో జారిపోయాయి. ఇంతకాలం కట్టుకున్న మొగుడికైనా ఆ సంగతి తెలియకుండా ఎలా ఉందని అడుగుతారా? బెంగళూరు దగ్గరి దొడ్డబళ్ళాపురంలో ఆ వీధికి ఒకసారి వెళ్ళి చూడండి, తెలుస్తుంది. ఇంటింటా పవర్‌లూములే. తెల్లారింది మొదలు ఆ చప్పుడులో ఎవరికి ఎవరి మాట వినపడుతుంది గనక! పుట్టిన ప్రతివాళ్ళూ ఎదుటివాళ్ళ నోరు చూసి మాట పట్టుకోవడం నేర్చుకుంటారు. అన్నానికి పిలవాలంటే చెయ్యి నోటి దగ్గర పెట్టి చూపిస్తారు. పిలిస్తే పలకకపోవడం అక్కడ తప్పు కాదు. అటువంటి ఇంట్లో ఒక మనిషికి చెవులు పోతే, కూరలో ఉప్పు తక్కువైనంత తేడా కూడా తెలియలేదు.

బడివాళ్ళు ఈ ఏడాది ఫోన్లలో కొత్త యాప్ పెట్టించకపోతే, ఇంకెన్నాళ్ళయినా తెలిసేది కాదేమో! తల్లిదండ్రులు పిల్లల చదువులో పాలు పంచుకోవాలని వాళ్ళ ఉద్దేశం. మంచి ఉద్దేశమే. ఆ ఊళ్ళో సగం మంది నేతపనివాళ్ళు, ఇంగ్లీషులో రాసి పంపితే ఏం చదువుతారని వాళ్ళే ఆలోచించి, "రాయక్కర్లేదు, మాట్లాడితే చాలు" అన్నారు. సాయంత్రం టీచరు తన గొంతుతో కబురు పంపుతుంది, తల్లో తండ్రో విని తమ గొంతుతో జవాబు చెప్పాలి. చెప్పినవాళ్ళ పేరు పక్కన పచ్చ నక్షత్రం వెలుగుతుంది. అందరూ ఎంత సుళువు అనుకున్నారో శశికళకు అంత ప్రాణసంకటమైంది! రాసి పంపినా బతికిపోయేది. పుట్టిల్లు గౌరిబిదనూరులో కన్నడంలో పదో తరగతి దాకా చదువుకున్న మనిషి, ఇంగ్లీషైనా కూడబలుక్కుని చదవగలదు. ఎదుట నిలబడి చెప్పినా బతికిపోయేది. ఫోనుకు నోరుంది గానీ పెదాలు లేవు. ఎంత చెవికి ఆనించుకున్నా గొణుగుడు తప్ప ఒక్క మాటా తెలిసేది కాదు.

"మిస్ ఏమంటా ఉండారమ్మా?" అని చిన్నినే అడిగేది. "బాగా చదువుతానంట, గుడ్ అంట" అనేది చిన్ని. ఏ పిల్ల మాత్రం తన మీద వచ్చిన ఫిర్యాదును తనే అమ్మకు విప్పి చెబుతుంది! ఆ తల్లి ఆ మాటే నమ్మి, పొంగిపోయి, జవాబు పంపేది.

మరి ముందే ఇంట్లో చెప్పేయవచ్చు కదా? చెప్పాలని శశికళ ఎన్నిసార్లు నోరు తెరిచిందో! తెరిచినప్పుడల్లా లక్ష్మమ్మ పిన్ని గుర్తొచ్చేది. పుట్టింట్లో ఆ పిన్నికి చెవుడొచ్చాక మొదట అందరూ అరిచి మాట్లాడారు. తర్వాత అరవడానికి విసుగేసి మాట్లాడడమే మానేశారు. పెళ్ళిళ్ళలో ఆమెను ఓ మూలన కూర్చోబెట్టి కూరగాయలు ముందర పోసేవాళ్ళు. ఒక్కగానొక్క కొడుక్కి సంబంధం కుదిరిందని కూడా ఆమెకు అందరికన్నా ఆఖర్న తెలిసింది. 'నన్నూ అట్ల మూలన కూర్చోబెడితే నా బిడ్డ చదువు ఎవరు చూస్తారు?' అదొక్కటే శశికళ భయం.

ఇప్పుడు ఆ భయమే వేరే దారిలో ఇంట్లోకి వచ్చింది. మోహన్‌కుమార్ అక్కకు ఫోను చేసి, మాట్లాడి, భార్య ఎదుటికి వచ్చి తేల్చి చెప్పాడు. "చిన్నిని బెంగళూరు తట్టు వర్తూరుకు, అక్క దగ్గరికి పంపిస్తా ఉండాను. అక్క డిగ్రీ చదివింది, బావ దామోదర్ కూడా శ్రద్ధగల మనిషి. వాళ్ళ ఇంటి దగ్గర బడిలో సీటుందంట. రేపు అక్క వస్తుంది. బిడ్డ గుడ్డలు సర్దు."

శశికళ అత్త వైపు చూసింది. అక్కయమ్మ కళ్ళు తిప్పుకుని మళ్ళీ రాట్నం దగ్గరికి వెళ్ళిపోయింది. 'ఒక్క మాట... ఒక్క మాట చెబితే బిడ్డ నా దగ్గరే ఉంటుందేమో!' అనుకుంది శశికళ. ఆ వెంటనే, 'చెబితే చెవిటిదాని దగ్గర బిడ్డనెందుకు ఉంచుతారు?' అనిపించింది. ఎటు తిరిగినా గోడే. ఆ తల్లి మాట్లాడకుండా వెళ్ళి చిన్ని గౌన్లు మడతపెట్టసాగింది. కన్నీళ్ళు పడి తడిసిన గౌనును పక్కన పెట్టి ఇంకోటి తీసుకుంది.

ఆదివారం పొద్దున్నే ఆ అక్క, పుష్పావతి, వచ్చింది. మనసులో కల్మషం లేని మనిషి. పిల్లలు లేరు, మేనకోడలంటే ప్రాణం. రాగానే వదిన వరసకు తగ్గట్టు శశికళ చెయ్యి పట్టుకుంది. "శశీ, నీ బిడ్డను ఎత్తుకుపోయేదానికి వచ్చినానని అనుకోవద్దు. శని ఆదివారాలు నేనే పిల్చుకొస్తాను. ఏదో నీకు పనెక్కువై ఈ యాప్‌లూ గీప్‌లూ చూసుకునేకి టైమ్ లేదు. అంతే గదా?"

ఎదురుగా నిలబడి నిదానంగా చెప్పింది కాబట్టి శశికళకు ప్రతి అక్షరం అందింది. "ఒక పాఠం మిగిలిపోయింది వదినా," అంది. "అది చదివించేసి పంపిస్తాను. ఆ మాత్రం చెయ్యనీ నన్ను."

సోమవారానికి చీరలు ఇవ్వాల్సి ఉండడంతో ఆదివారమైనా మగ్గాలు నడుస్తున్నాయి. పుట్టి పెరిగిన ఇల్లే అయినా పుష్పావతికి ఆ చప్పుడు అలవాటు తప్పింది. చెవుల మీద చేతులు పెట్టుకుని గడప దగ్గర నిలబడింది. శశికళ రెండు మగ్గాల నడుమ స్టూలు మీద కూర్చుని, చిన్నిని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. పాఠాన్ని పొద్దున్నే తను చదువుకుని ఉంచుకుంది. అది ఆమె రోజూ చేసే పనే. చిన్ని కన్నడ పుస్తకం తెరిచి చదువుతోంది. పెదాలు చకచకా కదులుతున్నాయి. తల్లి చూపు ఆ పెదాల మీదే. ఇంత హోరులో బిడ్డ మాట ఈమెకెలా వినపడుతోందబ్బా అనుకుంది పుష్పావతి.

అంతలో కరెంటు పోయింది!

ఈ ఇంట్లోనే కాదు, వీధి వీధంతా మగ్గాలు ఆగిపోయాయి. ఎక్కడో కుక్క మొరగడం కూడా స్పష్టంగా వినపడేంత నిశ్శబ్దం. అమ్మయ్య, ఇప్పుడైనా చిన్ని చదివేది వినొచ్చని పుష్పావతి చెవి ఒగ్గింది. ఏమీ వినపడలేదు. చిన్ని చదువుతూనే ఉంది, పెదాలు కదులుతూనే ఉన్నాయి, గొంతు మాత్రం లేదు!

"ఆగు! ఆ రెండో మాట మింగేసినావు. మళ్ళీ చెప్పు!" శశికళ గొంతు ఆ నిశ్శబ్దంలో ఖంగుమంది.

చిన్ని పెదాలు మళ్ళీ కదిలాయి.

"ఆఁ... ఇప్పుడు సరిగ్గా ఉండాది. పోనీ ముందుకు."

పుష్పావతి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. గబగబా వెళ్ళి చిన్ని భుజం పట్టుకుంది. "చిన్నీ, గట్టిగా చదువమ్మా! నోట్లో నోట్లో ఎందుకు?"

"గట్టిగా చదివితే అమ్మకు తెలీదత్తా," అంది చిన్ని, అదేదో అందరికీ తెలిసిన విషయమే అయినట్టు. "అరిస్తే నోరు వంకర పోతుంది. మెల్లగా, సరిగ్గా నోరు తిప్పితే అమ్మకు అంతా తెలుస్తుంది. గొంతు ఎందుకు? ఎట్లాగూ వినపడదు గదా!"

మగ్గం వెనక మోటారు చూస్తున్న మోహన్‌కుమార్ చేతిలోని పానా కింద పడింది. ఆ చప్పుడుకు పుష్పావతి, చిన్ని ఇద్దరూ వెనక్కి తిరిగారు. శశికళ తిరగలేదు. బిడ్డ జడ ఊడిపోయిందని విప్పి మళ్ళీ అల్లడం మొదలుపెట్టింది.

"శశీ..." అన్నాడు అతను.

ఆమె పలకలేదు.

"శశికళా!"

లేదు. వేళ్ళు పాయలు తీస్తూనే ఉన్నాయి. పిల్ల వెళ్ళిపోతుందన్న దుఃఖంతో ఒక్కో పాయా నెమ్మదిగా, ఎంత నెమ్మదిగా అల్లితే అంతసేపు దగ్గరుంటుందన్నట్టుగా అల్లుతోంది.

మోహన్‌కుమార్ ఒక అడుగు ముందుకు వేశాడు. "చిన్ని యాడికీ పోదు శశీ," అన్నాడు. "నీ దగ్గరే ఉంటాది."

ఏ మాట కోసం ఆ తల్లి నిన్నటి నుంచీ పచ్చి మంచినీళ్ళైనా ముట్టలేదో ఆ మాట! అది వినపడితే ఏ తల్లైనా గిరుక్కున తిరగదా? ఏడ్చి కాళ్ళు పట్టుకోదా? శశికళ జడ చివర రిబ్బను ముడి వేసి, కన్నీళ్ళు భుజానికి తుడుచుకుని, "ఇంక పోదురు గాని లే," అంది చిన్నితో. మోహన్‌కుమార్ మగ్గాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

పుష్పావతి ఏడుస్తూ తల్లి దగ్గరికి పరుగెత్తింది. అక్కయమ్మ ఏమీ పట్టనట్టు కండెలు బుట్టలో సర్దుకుంటోంది. భుజం పట్టి తిప్పితే గానీ తలెత్తలేదు. "అమ్మా! శశికి చెవులు వినపడవు! నీకు తెల్సునా?"

అక్కయమ్మ కూతురి నోరు చూసింది. చేతిలోని కండెను బుట్టలో పెట్టింది. "తెలుసును," అంది. "తెలీకేం! నాకు మాత్రం యాడ వినపడ్తాది? మీ నాయన పోయిన దినం మీరంతా గుండెలు బాదుకుంటా ఉంటే నోళ్ళు చూసినానే గానీ ఏడుపు వినలేదు నేను..."

"ఇన్నేండ్లూ చెప్పలేదే అమ్మా!"

"చెప్పి ఏం చేసేది? మగ్గం ఇంట్లో చెవులు ఎవరికి కావల్ల? నోరు చూసుకునే బతికేస్తిమి. దానికీ వచ్చినాదని కనిపెట్టినాను. నా మాదిరే అదీ గడుపుకుంటాదిలే అనుకుంటిని. ఈ ఫోను ఒకటి వస్తాదని నాకేం తెల్సునప్పా..." అంటూ ఆ ముసలావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. "నిన్న దాని తట్టు నిలబడి ఒక్క మాట చెప్పింటే బాగుండు. నా బండారం కూడా బయటపడుతుందని నోరు మూసుకుంటిని!"

శశికళకు అత్త నోరు కనపడుతోంది. చదివింది. అంతా తెలిసిపోయింది... ఇక మూలన కూర్చోబెడతారు... ఇక అయిపోయింది! ఆమె చిన్నిని గట్టిగా పొదువుకుంది.

అప్పుడు మోహన్‌కుమార్ మగ్గం చుట్టూ తిరిగి వచ్చాడు. వచ్చి ఆమెకు సరిగ్గా ఎదురుగా, వెలుతురు తన ముఖం మీద పడేటట్టు నిలబడ్డాడు. "చిన్ని యాడికీ పోదు," అన్నాడు.

ఆమె అతని పెదాలనే చూస్తూ, నమ్మలేక, "ఏమంటిరి?" అంది.

"చిన్ని యాడికీ పోదు. నీ దగ్గరే ఉంటాది. నాకెందుకు చెప్పలేదు శశీ?"

"చెబితే... చెవిటిదానికి బిడ్డ చదువేం తెలుస్తుందని పక్కన పెడతారని..." భోరుమంది.

"పనివాళ్ళు ఊళ్ళకు పోయి తిరిగి రాకపోతే, నేను దిక్కు తోచక కూర్చునుంటే, రెండు మగ్గాలు నేను చూస్తానని నిలబడినావు. బిడ్డను మంచి బడిలోనే చదివించల్ల అని నాతో పోట్లాడినావు. ఆ మగ్గాల కిందనే నీ చెవులు పోయినాయి. నేను నిన్ను పట్టుకుని చెవిటోని సామెత చెప్పినాను..." అతను రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. శశికళ ఆ చేతులు పట్టి కిందికి లాగింది. పెదాలు కనపడకపోతే అతనేమంటున్నాడో ఆమెకు ఎలా తెలుస్తుంది!

ఆ రోజు చిన్ని పెట్టె వర్తూరుకు వెళ్ళలేదు. మర్నాడు పుష్పావతి తల్లినీ మరదలినీ వెంటబెట్టుకుని బెంగళూరులో చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. పోయిన వినికిడి తిరిగి రాదని, మిషను పెట్టుకుంటే కొంత నయమని, మగ్గాల దగ్గర చెవుల్లో అడ్డుబిళ్ళలు పెట్టుకోకపోతే మిగిలింది కూడా పోతుందని డాక్టరు కాగితం మీద రాసి చూపించాడు. శశికళ మిషనుకు కొలత ఇచ్చింది. అక్కయమ్మ మాత్రం ససేమిరా అంది. "ఇప్పుడు మీ అందరి మాటలూ వినమంటారా? వద్దప్పా, నేను ఇట్లే సుఖంగా ఉండాను!" ఆ మాటకు ఆస్పత్రిలో అందరూ నవ్వారు.

ప్రేమకుమారి సంగతి తెలిసి నొచ్చుకుంది. ఆవిడ తప్పేమీ లేదు. అప్పటి నుంచి శశికళకు గొంతు పంపడం మానేసి, కెమెరా వైపు తిరిగి, నిదానంగా మాట్లాడుతూ వీడియో పంపుతోంది. శశికళ జవాబులు ఇప్పుడు ప్రశ్నకు తగ్గట్టే ఉంటున్నాయి. ఒక్కోసారి టీచరు అడగనివి కూడా నాలుగు అడుగుతోంది.

చిన్ని పని మాత్రం అంత తేలిగ్గా తెమల్లేదు. పాఠం తెలుసు, అర్థం తెలుసు, పెదాలు తిరుగుతాయి. గొంతు పెట్టి చదవడమే ఆ పిల్లకు అలవాటు లేదు. గొంతు పెట్టి చదివించాలంటే వినేవాళ్ళు ఉండాలి. అమ్మకు వినపడదు, అవ్వకు వినపడదు. ఇక మిగిలింది నాన్నే! ఇంతకాలం బిడ్డ చదువంటే ఆడవాళ్ళ పని అనుకున్న మోహన్‌కుమార్ సాయంత్రం కాగానే మగ్గాలు ఆపి, చేతులు కడుక్కుని, కూతురి పక్కన కూర్చోసాగాడు. వీధిలో వాళ్ళు కరెంటు లేదేమో అని తొంగి చూసి పోయేవాళ్ళు. మొదట్లో చిన్ని గొంతు పిల్లికూన గొంతంత కూడా లేచేది కాదు. శశికళ ఎదురుగా కూర్చుని పెదాలు చూసేది, "ఆ మాట తప్పు" అనేది. మోహన్‌కుమార్ పక్కన కూర్చుని చెవి ఒగ్గేవాడు, "ఇంకొంచెం పైకి" అనేవాడు. ఒకరు చూడడం, ఒకరు వినడం. అట్లా ఆ పిల్ల చదువు ఇద్దరి మధ్యా సాగింది.

వానలు వెనకబట్టాక ఒక సాయంత్రం వీడియో వచ్చింది. శశికళ మగ్గం పక్కన నిలబడే చూసింది. ప్రేమకుమారి నవ్వుతోంది. "శశికళ గారూ, ఇవాళ చిన్ని పాఠం పైకి చదివిందండీ! ఆఖరి బెంచీ దాకా వినపడింది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు."

శశికళ దాన్ని మళ్ళీ చూసింది. మళ్ళీ చూసింది. మిషను ఇంకా చేతికి రాలేదు. వచ్చాక ఎంత వినపడుతుందో డాక్టరే ఖాయంగా చెప్పలేదు. బిడ్డ నోటి నుంచి వచ్చే ప్రతి మాటా ఆమెకు తెలుసు. ఆ మాట ఎలా మోగుతుందో తెలియదు. అటు చివర మగ్గం దగ్గరున్న మొగుణ్ణి కేకేసి అడిగింది. "ఏమండీ! ఎట్లుంటాది దాని గొంతు?"

మోహన్‌కుమార్ అక్కడి నుంచే ఏదో చెప్పబోయి, నాలుక కరుచుకుని, చేతిలో ఉన్న, అడ్డపోగు నడిపే నాడెను కింద పెట్టాడు. మగ్గాలన్నీ చుట్టి వచ్చి ఆమెకు ఎదురుగా నిలబడ్డాడు.

"నీ గొంతు మాదిరే ఉండాది," అన్నాడు. "మన పెండ్లయిన కొత్తలో నువ్వు మాట్లాడినట్టే."

శశికళ అతని పెదాల మీద నుంచి చూపు తిప్పలేదు.

"మళ్ళీ చెప్పండి," అంది.